దారికీ హక్కుంది: మత్తులో వాహనం నడపడం, మన బాధ్యత

ఒక నిరపరాధి ప్రాణం తీయడం సమస్త మానవజాతి ప్రాణం తీయడంతో సమానమనీ, ఒకరి ప్రాణం కాపాడటం సమస్త మానవులను కాపాడటంతో సమానమనీ అల్లాహ్ దివ్యఖుర్ఆన్‌లో తెలియజేశాడు (అల్ మాయిద: 32). ఎక్కడైనా రక్తపాతం జరిగిందని విన్నప్పుడు మనం ఈ ఆయతును ఉదహరిస్తాం. ఇస్లాం శాంతి ధర్మమని నలుగురికీ చెబుతాం. కాని బండి తాళం చేతిలోకి తీసుకునేటప్పుడు ఈ ఆయతు మనలో ఎంతమందికి గుర్తుకొస్తున్నది? కత్తి వేటుకు పోయినా, చక్రాల కింద పడి పోయినా, ఆ ఇంట్లో వితంతువు వితంతువే, అనాథలు అనాథలే.

మద్యం హరామ్ అన్న సంగతి ముస్లిం ఇంట్లో పసిపిల్లవాడికి కూడా తెలుసు. దాన్ని నిరూపించడం ఈ పాఠం ఉద్దేశం కాదు. మత్తులో వాహనం నడపడం గురించి, దాన్ని అరికట్టే చట్టం గురించి మన ఇళ్లలో పాతుకుపోయిన ఆలోచనలను ఖుర్ఆన్, హదీసుల వెలుగులో పరిశీలించడమే మా ఉద్దేశం.

తరచూ వినిపించే మూడు మాటలు

ఈ విషయం ఎత్తినప్పుడల్లా మాకు మూడు మాటలు వినిపిస్తుంటాయి. మొదటిది: మనం తాగం కదా, ఈ చట్టంతో మనకేం పని? రెండోది: ఎవడి డబ్బు వాడిది, ఎవడి ప్రాణం వాడిది, మధ్యలో ఇతరులకేమిటి? మూడోది: ప్రభుత్వమే సారా అమ్మిస్తుంది, ప్రభుత్వమే దారి కాచి పట్టుకుంటుంది, ఇదంతా జరిమానాలు వసూలు చేసుకునే ఎత్తు.

మొదటి మాట అల్లాహ్ దయవల్ల ఎక్కువ కుటుంబాల విషయంలో నిజమే. అయితే గుంటూరు, చిలకలూరిపేట, నరసరావుపేట, అద్దంకి, ఒంగోలు పట్టణాల్లో మన యువకులు ఎందరో లారీలు, ఆటోలు నడుపుకుంటూ, మెకానిక్ షెడ్లలో పనిచేసుకుంటూ బతుకుతున్నారు. రాత్రి ప్రయాణాలు, ఒళ్లు నొప్పులు, తోటివారి బలవంతం వారిని ఎటు లాగుతున్నాయో వారి తల్లులకు తెలుసు. పెళ్లి బారాతుల్లో అర్ధరాత్రి దాకా మోటారుసైకిళ్లపై తిరిగే కుర్రాళ్లలో కొందరి సంగతి మొహల్లా పెద్దలకు తెలుసు. తెలిసీ తెలియనట్లు ఉండటం సమస్యను తొలగించదు. పైగా మనం తాగకపోయినా, మనం ఎక్కే బస్సును, మన పిల్లలు బడికి వెళ్లే ఆటోను నడిపేవాడు ఏ స్థితిలో ఉన్నాడన్నది మన సమస్యే.

మన రోడ్ల పరిస్థితి చూడండి. పత్తి తీతలు మొదలైన నాటి నుంచి మిరప కోతలు పూర్తయ్యే దాకా మన ప్రాంతంలో రోడ్లకు తెరిపి ఉండదు. తెల్లవారకముందే కూలీ స్త్రీలు ఆటోల్లో, ట్రాక్టరు ట్రక్కుల్లో కిక్కిరిసి పొలాలకు వెళతారు. మిరప టిక్కీలు వేసుకున్న వాహనాలు రాత్రంతా గుంటూరు యార్డుకు, కోల్డ్ స్టోరేజీలకు సాగుతుంటాయి. వెనుక లైటు కూడా లేని ట్రక్కు పక్కనుంచే 16వ నంబరు జాతీయ రహదారిపై బస్సులు, కార్లు దూసుకుపోతుంటాయి. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కోసి ఇంటికి తిరిగివస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఒక ప్రమాదానికి కారణాలు ఎన్నో ఉండవచ్చు. కాని స్టీరింగు పట్టుకున్నవాని చేతిలో అన్ని ఇళ్ల పొయ్యిలు ఉన్నాయన్నది మాత్రం వాస్తవం. అటువంటి రోడ్డు మీద ఒక్కడికి మతి తప్పితే ఏమవుతుంది?

నా ప్రాణం నా ఇష్టం అనేవారికి

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర జరిగిన దుర్ఘటన అందరికీ గుర్తుండే ఉంటుంది. పోలీసుల దర్యాప్తు ప్రకారం, ఒక యువకుడు నడుపుతున్న మోటారుసైకిలు డివైడరును ఢీకొనడంతో అతను అక్కడికక్కడే మరణించాడు. బండి రోడ్డుపైనే పడి ఉంది. హైదరాబాదు నుంచి బెంగళూరు వెళుతున్న ప్రైవేటు బస్సు దాని మీదికి వచ్చి ఈడ్చుకుపోయింది. మంటలు లేచాయి. బస్సులో నిద్రిస్తున్నవారిలో 19 మంది కాలిపోయారు. మోటారుసైకిలు నడిపిన యువకుడు మద్యం సేవించి ఉన్నాడని ఆ తర్వాత ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. బస్సు విషయంలో ఎవరి తప్పు ఎంత అన్నది కోర్టులు తేలుస్తాయి. అయితే ఆ యువకుడు గ్లాసు పట్టుకున్నప్పుడు అది తన సొంత విషయమనే అనుకుని ఉంటాడు. తాను ముఖం కూడా చూడని 19 మంది ఆ రాత్రి అటుగా వస్తున్నారని అతనికేం తెలుసు?

మహాప్రవక్త (స) ఇటువంటివారి కోసమే ఓడ ఉపమానం చెప్పారు. కొందరు ఓడలో పై అంతస్తులో, కొందరు కింది అంతస్తులో ఉన్నారు. నీళ్ల కోసం మాటిమాటికీ పైకి వెళ్లి వారిని ఇబ్బంది పెట్టడమెందుకని కిందివారు తమ భాగంలోనే రంధ్రం చేసుకుందామనుకున్నారు. పైవారు వారిని తమ ఇష్టానికి వదిలేస్తే అందరూ మునిగిపోతారు. చేయి పట్టి ఆపితే అందరూ బతుకుతారు (బుఖారీ). రంధ్రం చేసేవాడు తన భాగంలోనే చేస్తున్నాడు. కాని నీళ్లు అతని భాగం దగ్గరే ఆగవు. రోడ్డు కూడా అటువంటి ఓడే.

దారి గురించి షరీఅతు ఏమంటుంది?

దైవప్రవక్త (స) ఒకసారి సహాబీలను దారుల్లో కూర్చోవద్దని వారించారు. కూర్చోక తప్పదని వారు విన్నవించుకున్నప్పుడు, అయితే దారి హక్కును నెరవేర్చమన్నారు. ఆ హక్కు ఏమిటని అడిగితే చూపులు దించుకోవడం, ఇతరులకు బాధ కలిగించకపోవడం, సలాముకు జవాబివ్వడం, మంచిని ఆదేశించి చెడును వారించడం అని వివరించారు (బుఖారీ, ముస్లిం). దారి పక్కన ఊరికే కూర్చున్నవాని మీదనే ఇంత బాధ్యత ఉంటే, అదే దారిలో టన్నుల బరువున్న ఇనుమును పరుగెత్తించేవాని మీద ఎంత ఉండాలి?

మరో హదీసు ఇంకా స్పష్టంగా ఉంది. బాణాలు తీసుకుని మస్జిదులోనో, బజారులోనో నడిచేవాడు వాటి మొనలు పట్టుకుని నడవాలని, ఎవరికీ గీసుకోకుండా చూసుకోవాలని ప్రవక్త (స) ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). ఆ మనిషి ఎవరినీ గాయపరచాలని అనుకోలేదు. అయినా ముందుగానే జాగ్రత్తపడటం అతని విధి అయింది. గాయమయ్యాక క్షమాపణ చెప్పుకోవడం వేరు, మొన పట్టుకుని నడవడం వేరు. నేటి వాహనానికి మొన పట్టుకోవడమంటే నడిపేవాని స్పృహ, చూపు, బ్రేకు మీద కాలు. మత్తు మొట్టమొదట హరించేది వీటినే.

హనఫీ ఫిఖహ్ గ్రంథం హిదాయాలో జంతువుల వల్ల కలిగే నష్టాల అధ్యాయం ఉంది. గుర్రమో ఒంటెో ఎక్కి వెళుతున్నవాడు దాని కాళ్ల కింద పడి నలిగినదానికి పూచీదారుడని అక్కడ ఫుఖహా నిర్ణయించారు. దానికి వారు చూపిన కారణం గమనించదగినది. అందరిదైన బాటపై వెళ్లడం ధర్మసమ్మతమే. అయితే నివారించగల ప్రమాదాల నుంచి ఇతరులు క్షేమంగా ఉండాలన్న షరతుతోనే. అంటే దారి మీద మన హక్కు షరతులతో కూడినది. ఆ షరతు తెగిపోయిన క్షణంలో హక్కూ తెగిపోతుంది. తాగి తాళం తిప్పినవాడు, ఎవరినీ గుద్దకుండా క్షేమంగా ఇల్లు చేరినా, ఆ దారి పొడవునా తనకు లేని హక్కును వాడుకున్నట్లే.

మోటారు వాహనాల కాలానికి ఈ సూత్రం ఎలా వర్తిస్తుందని కూడా ఉలమా ఆలోచించారు. జిద్దా కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1993 జూన్‌లో బ్రూనైలో జరిగిన 8వ సమావేశంలో రోడ్డు ప్రమాదాలపై తీర్మానం చేసింది. షరీఅతుకు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం ధర్మరీత్యా విధి అని, ఉల్లంఘించేవారికి జరిమానా వంటి శిక్షలు విధించవచ్చని, డ్రైవరు తన వల్ల ఇతరుల శరీరానికి, ఆస్తికి కలిగే నష్టానికి పూచీదారుడని అందులో పేర్కొన్నారు. కనుక ట్రాఫిక్ చట్టం పోలీసులకూ మనకూ మధ్య వ్యవహారం మాత్రమే కాదు. లైసెన్సు తీసుకున్నప్పుడు మనం ఒక మాట ఇచ్చాం. ఒప్పందాలను నెరవేర్చమని విశ్వాసులకు అల్లాహ్ ఆజ్ఞ (అల్ మాయిద: 1).

చట్టం గీత ఒకటి, దీన్ గీత ఒకటి

మోటారు వాహనాల చట్టం (1988) 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండి వాహనం నడపడం నేరం. మత్తుమందులు వాడి, బండిని అదుపులో పెట్టుకోలేని స్థితిలో నడిపినా అదే సెక్షన్ వర్తిస్తుంది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం మొదటిసారి పట్టుబడితే 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే 2 సంవత్సరాల దాకా జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత శిక్షాస్మృతిలో గరిష్ఠంగా 2 సంవత్సరాల జైలు ఉండేది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 5 సంవత్సరాలయింది. ప్రాణం పోవచ్చని తెలిసే ఆ పని చేశాడని కోర్టు భావిస్తే ఇంకా పెద్ద సెక్షన్లు వర్తిస్తాయి. 2006లో ముంబయిలో ఫుట్‌పాత్ మీద నిద్రిస్తున్న కూలీలపైకి కారు ఎక్కి ఏడుగురు చనిపోయిన కేసులో, కారు నడిపినవానికి అటువంటి సెక్షన్ కింద పడిన శిక్షను 2012లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

ఇక్కడ ఒక అపార్థాన్ని తొలగించాలి. 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఫరవాలేదట కదా అని కొందరు యువకులు అంటుంటారు. అది చట్టం శిక్షించే గీత మాత్రమే. ఎక్కువ మోతాదులో మత్తు కలిగించేది కొద్ది మోతాదులోనూ హరామ్ అని ప్రవక్త (స) స్పష్టం చేశారు (అబూదావూద్, తిర్మిజీ). చట్టం రోడ్డు మీది అపాయాన్ని కొలుస్తుంది. దీన్ పెదవి దగ్గరే ఆపుతుంది.

మజ్జిగ తాగితే, నిమ్మకాయ పిండుకుంటే, తలస్నానం చేస్తే దిగిపోతుందన్నదీ భ్రమే. రక్తంలోని మద్యాన్ని కాలేయం తన వేగంతో నెమ్మదిగా మాత్రమే కరిగిస్తుంది. రాత్రి పొద్దుపోయే దాకా తాగినవానిలో తెల్లవారి కూడా అది మిగిలి ఉండవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు మీదికి కాలు వెళ్లడం అర సెకను ఆలస్యమైతే 8 మీటర్ల దూరం చేజారినట్లే. ఆ 8 మీటర్లలో ఎవరి బిడ్డ రోడ్డు దాటుతున్నదో ఎవరికి తెలుసు? పైగా మద్యం ముందు వివేకాన్ని మొద్దుబార్చి, ఆ తర్వాత తాను బాగానే నడుపుతున్నానన్న ధైర్యాన్ని ఇస్తుంది. పూర్తి నిషేధం రాకముందే, ఏం చదువుతున్నారో తెలిసే వరకు మత్తులో నమాజు దగ్గరికి వెళ్లవద్దన్న ఆజ్ఞ అవతరించింది (అన్నిసా: 43). నాలుక మీద అదుపు తప్పినవాడు నమాజులో నిలబడటానికే తగడని ఆ ఆజ్ఞ చెబుతుంటే, అటువంటివాని చేతికి స్టీరింగు ఎలా ఇస్తాం?

ప్రభుత్వమే అమ్మిస్తోంది కదా అనేవారికి

ఈ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో పేద స్త్రీలు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. 2019లో దుకాణాలను ప్రభుత్వమే నడిపింది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు వారికి అప్పగించింది. జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన మద్యం అమ్మకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2017లో ఆ ఆదేశానికి సడలింపులు వచ్చాయి. ఖజానా కోసం మద్యాన్ని పోషించేవారు దాని ఫలితానికి అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసిందే.

కాని ఒకరి భారాన్ని మరొకరు మోయరని ఖుర్ఆన్ మాటిమాటికీ హెచ్చరిస్తున్నది (అల్ అన్ఆమ్: 164). దుకాణం ఉన్నందువల్ల తాగాను, పోలీసు లేనందువల్ల నడిపాను అన్న సంజాయిషీ ప్రళయదినాన చెల్లదు. తాగి ఉన్నాను, ఏం చేశానో తెలియలేదన్నదీ చెల్లదు. ఇష్టపూర్వకంగా తాగినవాని మత్తు ఇతరుల ప్రాణానికీ ఆస్తికీ కలిగిన నష్టం విషయంలో అతని పూచీని తొలగించదని ఫుఖహా చెప్పారు. మన దేశ చట్టం కూడా తెలిసి తాగినవాడిని ఆ మత్తు సాకుగా వదిలిపెట్టదు.

కొడుకును కాపాడుకోవడం అంటే ఏమిటి?

ఈ పాఠంలో మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం ఇది. ఒక కుర్రవాడు తాగి బండి నడిపి ఎవరినో గుద్దాడనుకోండి. ఇంట్లో మొదట వచ్చే ఆలోచన ఏమిటి? దెబ్బ తగిలినవాడు ఎలా ఉన్నాడన్నదా, లేక మనవాణ్ని ఎలా తప్పించాలన్నదా? పరీక్షకు దొరకకుండా రెండు రోజులు బంధువుల ఊరికి పంపుతారు. నడిపింది ఇతను కాదు, జీతానికున్న డ్రైవరని చెప్పిస్తారు. పెద్దమనుషులతో ఫోన్లు చేయిస్తారు. డబ్బు చేతులు మారుతుంది.

వీటిలో ప్రతి ఒక్కటీ మరో పెద్ద పాపం. సాక్ష్యం మీకు, మీ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా ఉన్నా న్యాయంపై స్థిరంగా నిలబడమని అల్లాహ్ ఆదేశించాడు (అన్నిసా: 135). లంచం ఇచ్చేవాణ్నీ, పుచ్చుకునేవాణ్నీ ప్రవక్త (స) శపించారు (అబూదావూద్, తిర్మిజీ). ఒక గొప్ప వంశపు స్త్రీ దొంగతనం చేసినప్పుడు, ఆమెను తప్పించడానికి హజ్రత్ ఉసామా (రజి) సిఫారసు చేయబోతే ప్రవక్త (స) ఆగ్రహించారు. ఘనులను వదిలి బలహీనులను శిక్షించడం వల్లనే పూర్వ జాతులు నాశనమయ్యాయని, తన సొంత కుమార్తె ఫాతిమా (రజి) అయినా శిక్ష తప్పదని ప్రకటించారు (బుఖారీ, ముస్లిం).

తోటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చేవాని లోపాలను అల్లాహ్ కప్పుతాడని హదీసు ఉంది కదా అని కొందరు అడగవచ్చు. అది నిజమే (ముస్లిం). అయితే మనిషికీ అల్లాహ్‌కూ మధ్య ఉన్న లోపాన్ని నలుగురిలో చాటకపోవడం వేరు, మరొకరి హక్కును పూడ్చిపెట్టడం వేరు. బజారులో ఒకరి రక్తం చిందాక అది రహస్య పాపంగా మిగలదు. దాన్ని దాచడం దయ కాదు, దౌర్జన్యంలో భాగస్వామ్యం.

కాబట్టి కొడుకును నిజంగా ప్రేమించే తండ్రి అతణ్ని చట్టం ముందు నిలబెడతాడు, గాయపడినవాణ్ని ఆసుపత్రికి చేరుస్తాడు, ఆ ఇంటి గడప ఎక్కి తల వంచుతాడు. ఇది ఎంత కష్టమో మాకు తెలుసు. కాని ఇక్కడి జైలు గోడలకు ఒక గడువు ఉంది.

ఎందుకంటే తోటి మనుషుల హక్కు (హుఖూఖుల్ ఇబాద్) తౌబాతో మాత్రమే తీరదు. నమాజులు, ఉపవాసాలు, జకాతుతో వచ్చి కూడా, ఇతరులను కొట్టి, తిట్టి, రక్తం చిందించినందుకు ప్రళయదినాన తన పుణ్యాలన్నీ వారికి పంచిపెట్టి దివాలా తీసేవాని గురించి ప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం). పొరపాటున ప్రాణం తీసినవానిపై కూడా రక్తపరిహారం (దియత్), కఫ్ఫారా ఉన్నాయని, బానిసను విముక్తి చేసే వీలు లేనివాడు రెండు నెలలు వరుసగా ఉపవాసాలుండాలని ఖుర్ఆన్ ఆదేశం (అన్నిసా: 92). ఒప్పందంతో మనతో కలిసి జీవించే ముస్లిమేతరుని విషయంలోనూ ఈ ఆయతు పరిహారాన్ని విధించింది. హనఫీ ఫిఖహ్‌లో అతని దియత్ ముస్లిం దియత్‌తో సమానం. చనిపోయినవాడు ఎవరన్నది బట్టి ప్రాణం విలువ తగ్గదు. ఏ సందర్భంలో ఏది వర్తిస్తుందో విశ్వసనీయుడైన ముఫ్తీని అడిగి తెలుసుకోవాలి.

ఇంటిలో, మస్జిదులో చేయవలసినవి

1. తాగినవాని చేతి నుంచి తాళం తీసుకోండి. అతను అలిగినా, తిట్టినా వెనుకాడవద్దు. దౌర్జన్యపరుడైన సోదరునికి సహాయం చేయడమంటే అతని చేయి పట్టి ఆపడమేనని ప్రవక్త (స) బోధించారు (బుఖారీ).

2. లైసెన్సు రాని పిల్లలకు బండి ఇవ్వకండి. మైనరు నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి 3 సంవత్సరాల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి (199ఎ సెక్షన్).

3. కూలీలను, సరుకును పంపే రైతులు, వ్యాపారులు డ్రైవరు స్థితిని చూసి పంపండి. తక్కువ కిరాయికి ఒప్పుకున్నాడని చూసీ చూడనట్లు ఊరుకోవద్దు. ఆ కూలీలు మీ దగ్గర అమానతు.

4. నిద్రమత్తు కూడా మత్తే. రాత్రంతా మేలుకున్నవాడు బండి పక్కకు ఆపి కాసేపు పడుకోవాలి. రమజానులో ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరాలని వేగం పెంచకండి. దారిలోనే ఒక ఖర్జూరంతో ఉపవాసం విరమించవచ్చు.

5. తాగుడుకు బానిసైనవాణ్ని వెలివేయకండి. అందుకు శిక్ష పొందుతున్న వ్యక్తిని ఒకరు శపించబోతే, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడవద్దని ప్రవక్త (స) వారించారు (బుఖారీ). వైద్యం చేయించండి, మస్జిదుకు దగ్గర చేయండి. తాళం మాత్రం ఇవ్వకండి.

6. మస్జిద్ కమిటీలు, ఇమాములు ఏడాదికి ఒక్క జుమా ప్రసంగమైనా దారి హక్కులపై చేయాలి. మిరప సీజను మొదలయ్యే ముందు చేస్తే మరీ మంచిది.

2022 ఒక్క సంవత్సరంలోనే మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో ప్రతి ఒక్కరి కోసం ఎవరో ఒకరు ఇంటి దగ్గర గుమ్మంలో నిలబడి ఎదురు చూశారు. ప్రజలు తమ ప్రాణాల విషయంలో, సంపద విషయంలో ఎవరిని నిశ్చింతగా నమ్ముతారో అతనే విశ్వాసి అని దైవప్రవక్త (స) నిర్వచించారు (తిర్మిజీ, నసాయీ). మన బండి ఎదురైనప్పుడు దారిన పోయే కూలీ స్త్రీ నిశ్చింతగా ఉండగలగాలి. మన విశ్వాసానికి రోడ్డు మీద అదే సాక్ష్యం.

అల్లాహ్ మన చేతుల వల్ల ఎవరికీ కీడు కలగకుండా కాపాడుగాక! తప్పు జరిగినచోట సత్యం పలికే ధైర్యాన్ని మనకు, మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.